పదహారు నంబరు గుండు

ఎండ పక్షం, పదో రోజు

ఓ గోడా, ఇదిగో నా మాటలు విను. రోజూ ఇంటి గోడకి నాలుగు ముక్కలు చెప్పాలని గాలి ఆఫీసు వాళ్ళ రూలు. చెప్పకపోతే మనిషికి మతి ఎలా ఉందో కనుక్కోడానికి తలుపు తడతారు. నాకు మతి బాగానే ఉంది. కోపం కూడా బాగానే ఉంది. రాసుకో: నూకరత్నం, రెండో వీధి.

ఇవాళ ఓడ వచ్చింది. మా అల్లుడు కమలాకర్ తల్లి, అంటే మా వియ్యపురాలు హైమావతిగారు కిందూరి నుంచి దిగారు. భూమిని మేం కిందూరంటాం. అది మా నెత్తిమీద వేలాడుతున్నా సరే, ఈ చందమామ మీద ఉన్నవాళ్ళకి అది కిందూరే. మా అమ్మాయి జలజ వాళ్ళ గదిలో రెండు పడకలే పడతాయి గనక వదినగారి మకాం మా ఇంట్లో.

కొత్తగా దిగినవాళ్ళని కనీసం మొహం కడుక్కోనివ్వకుండా గుండ్ల చావిడికి తీసుకుపోవడం మా ఊరి ఆనవాయితీ. కిందూళ్ళో బౌలింగ్ అంటారట, మాకది గుండ్లాటే. చావిడిలో ఒక అర నిండా ఆరు నుంచి పద్దెనిమిది దాకా నంబర్లు వేసిన గుండ్లుంటాయి. నంబరెంత పెద్దదైతే గుండులో సరుకు అంత ఎక్కువ. పక్కన విడిగా పీట మీద ఒక్క గుండుంటుంది, యాభై నంబరుది. అది ఆటకి కాదు, అతిథులకి.

"మీకు సరిపోయే బరువు మీరే చూసుకోండి వదినగారూ" అన్నాను, నా మొహం నేనే చూసుకోలేనంత అమాయకంగా పెట్టి.

ఆవిడ ఎనిమిది ఎత్తారు. "నిమ్మకాయలా ఉందేంటమ్మా ఇది!" అన్నారు. పన్నెండు ఎత్తారు, పెదవి విరిచారు. ఆఖరికి యాభై నంబరుని ఒంటిచేత్తో లేపి, "ఆఁ, ఇదీ గుండంటే! మా ఇంట్లో మంచినీళ్ళ బిందె ఇంతకంటే బరువు" అని కొంగు దోపారు. వీధి వీధంతా నోరు నొక్కుకుని నిలబడింది.

ఇక్కడ బరువు ఆరో వంతే గోడా, నీకు తెలియందేముంది. ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు. కానీ గుండు కదిలిందంటే దాని పొగరు దానికి అలాగే ఉంటుంది, పిసరు తగ్గదు. నేల మీద మన కాళ్ళకి పట్టు మాత్రం ఆరో వంతే.

వదినగారు చెయ్యి వెనక్కి ఊపి ముందుకి తెచ్చారు. గుండు వెళ్ళింది. గుండుతోపాటు ఆవిడా వెళ్ళారు. వేళ్ళు రంధ్రాల్లోంచి రాకముందే బోర్లా పడి, బాట పొడుగునా జారుకుంటూ పోయి పిన్నుల్లో దూరారు. పదికి పదీ పడ్డాయి. చావిడిలో ఈలలూ చప్పట్లూ! నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పులు పుట్టాయి.

ఆవిడ లేచి చీర దులుపుకుని, "పదీ పడ్డాయిగా?" అన్నారు. తరవాత నాకేసి చూశారు. "ఇది మీ పనేనా?"

"ఆనవాయితీ వదినగారూ" అన్నాను.

"అలాగా. సరే" అన్నారు. ఆ సరే నాకు నచ్చలేదు.

ఎండ పక్షం, పదమూడో రోజు

పొద్దున గాలి జల్లెడ కడిగాను, జోళ్ళ దుమ్ము దులిపాను. మూత పెట్టకుండా తాలింపు వెయ్యకండి, ఆవాలు కప్పుకి తగుల్తాయి అని వదినగారికి నాలుగుసార్లు చెప్పాను. ఆవిడ నాలుగుసార్లూ వినలేదు. ఇప్పుడు కప్పు గీకి ఆవాలు ఏరుకుంటున్నాం.

మనిషి మంచిదే. నోరే. పొద్దున లేస్తే ఒకటే పాట: "ఎండ ఏది వదినగారూ? ఎండ పక్షం అంటారు, ఎండే కనబడదు!" పక్షం రోజులు ఎండ, పక్షం రోజులు చీకటి అన్నది పైన నేల మీది సంగతి. సొరంగంలో బతికేవాళ్ళకి ఎండ ఎక్కణ్ణించి వస్తుంది? పైన ఉన్న అద్దాల పెరడొక్కటే ఎండ తగిలే చోటు. అది ఏడాదికో వీధిది, గుండ్లాటలో గెలిచిన వీధిది. ఏడాదిగా మూడో వీధి వాళ్ళే అందులో మిరపకాయలు ఎండబెట్టుకుంటూ, మనం దాని కింద నుంచి పోతుంటే అద్దంలోంచి చెయ్యూపుతున్నారు. వాళ్ళ నాయకుడు తాతారావు అయితే చెయ్యూపడానికే అక్కడ కుర్చీ వేసుకున్నాడు.

వదినగారు కిందూరి నుంచి గుమ్మడి వడియాల మసాలా మూటకట్టుకుని వచ్చారట, ఇక్కడ వడియాలు పెడదామని. "లాంతరు కింద ఎండితే అవి వడియాలా, మందుబిళ్ళలా?" అంటారు. చీకటి పక్షం ఆఖరి రోజున ఓడ తిరిగి వెళ్తుంది. అందులో పేరు రాయించుకున్నానని ఇవాళ భోజనాల దగ్గర చెప్పారు.

వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను. గిన్నెలు కడుగుతుంటే మాత్రం ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో నాతో సమంగా పోట్లాడే మనిషి వచ్చి ఎన్నాళ్ళయిందనీ! ఈ మాట ఎవరికీ చెప్పకు గోడా.

ఏడాది ఆట ఈ చీకటి పక్షం పన్నెండో రోజున. గెలిస్తే పెరడు మనది. పెరడు మనదైతే ఎండ మనది. ఎండ ఉంటే ఆవిడ ఉంటుంది. గెలవాలి, అంతే.

చీకటి పక్షం, రెండో రోజు

మా జట్టుకి నలుగురు: నేను, జలజ, అల్లుడు, ఎదురింటి భద్రం. భద్రాన్ని ఇవాళ మంచు గనిలో డ్యూటీకి పంపేశారు. ఆటకి తిరిగి రాడు.

"నేనాడతా" అన్నారు వదినగారు.

"అమ్మా, నువ్వా?" అన్నాడు అల్లుడు. "మొన్న నువ్వు విసిరావా, గుండు నిన్ను విసిరిందా?"

"అదే తేల్చుకుందామని" అన్నారావిడ.

చావిడికి వెళ్ళాం. ఈసారి ఆవిడ ఏ గుండునీ ఎత్తి చూడలేదు. ఒక్కొక్కటీ చేతికి తగిలించుకుని, కాలి పక్కన ముందుకీ వెనక్కీ ఊపి, నడిమధ్యలో ఠక్కున ఆపుతున్నారు. పదమూడు ఆపబోతే కాలు జారింది, పక్కన పెట్టారు. ఏడు దగ్గర చెయ్యే తొందరపడి ముందుకి పోయింది, అదీ పక్కన పెట్టారు. తొమ్మిది దగ్గర కాలూ కదల్లేదు, చెయ్యీ తొణకలేదు.

"ఇదే నాది" అన్నారు.

"అలా ఊపి ఆపి ఎందుకు చూస్తున్నారు అత్తయ్యా?" అంది జలజ.

"ఇరవయ్యేళ్ళు బాలబడిలో ఉయ్యాల దగ్గర నిలబడ్డదాన్నే నేను. పిల్లని చూస్తే బరువు తెలియదు. ఎత్తుకున్నా తెలియదు, చంకలో అందరూ తేలికే. ఉయ్యాల ఊగేటప్పుడు పట్టి ఆపు, అప్పుడు తెలుస్తుంది. మీ ఊళ్ళో అన్నీ ఎత్తడానికి తేలికే కదా. మరి ఎత్తి చూసి ఏం లాభం? ఆపి చూడాలి."

మొదటి గుండుకి ఆరు పిన్నులు పడ్డాయి. రెండోదానికి ఎనిమిది. నేను మెచ్చుకోలేదు. కానీ లోపల మాత్రం ఎగిరి గంతేశాను.

చీకటి పక్షం, ఆరో రోజు

ఇవాళ నా గుండు మూడుసార్లు బాట పక్క కాలవలో పడింది. బాట జారుడుగా ఉంది. చావిడి వాళ్ళు సరిగ్గా తుడవటం లేదు.

ఇంటికి వస్తుంటే వదినగారు నెమ్మదిగా అన్నారు: "పదహారు మీకెక్కువవుతోంది వదినగారూ. వదిలేటప్పుడు మీ ఎడంకాలు జారుతోంది. ఒకసారి పన్నెండు ఊపి చూడండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడకి తెలియదు గనక అంటోంది. ఈ ఊళ్ళో ఎవరి గుండు నంబరు వాళ్ళ గుమ్మం మీదుంటుంది. నన్ను ఊరంతా పదహారు రత్నం అంటారు. ఆడవాళ్ళలో పదహారు వేసింది నేనొక్కదాన్నే. పైకి ఎక్కడానికి ఏ తతంగమూ లేదు. కిందకి దిగాలంటే మాత్రం చావిడి మధ్యలో నిలబడి, అందరూ వినేలా "దిగాను" అని చెప్పి, అక్కడున్న ప్రతి మనిషికీ భోజనం పెట్టాలి. దిగుడు భోజనం అంటారు. అది తిన్నవాళ్ళు జన్మలో మరచిపోరు, పెట్టినవాళ్ళు అసలు మరచిపోరు. ఎనభయ్యేళ్ళ వాళ్ళు కూడా దిగలేక ఆటే మానేసి, నడుం నొప్పి అని చెప్పుకుంటారు.

"నాకు పదహారు సరిపోతుంది" అన్నాను. "మీకు తెలిసింది నాలుగురోజుల గుండ్లాట. ఉయ్యాల కబుర్లు నా దగ్గర చెప్పకండి."

"చెప్పను లెండి" అన్నారు. భోజనాల వేళ తన కంచం తీసుకుని గుమ్మంలోకి పోయి కూర్చున్నారు. ఒక్కదాన్నే తింటే పప్పు కూడా సహించలేదు నాకు.

చీకటి పక్షం, తొమ్మిదో రోజు

మణికట్టు వాచింది. గాజులు తీసి దాచాను. ఎవరూ చూడలేదు.

వదినగారు చూశారు. ఉప్పు మూట వేడిచేసి నా పక్క మీద పెట్టి వెళ్ళారు. ఇలాంటి మనిషిని ఓడెక్కించి పంపమంటే ఎలా?

చీకటి పక్షం, పన్నెండో రోజు

గొంతు పోయింది గోడా, అయినా చెప్తాను విను.

చావిడి కిటకిటలాడింది. తాతారావు కొత్త చొక్కా వేసుకొచ్చి, తన పద్దెనిమిది నంబరుకి బొట్టు కూడా పెట్టాడు. మనిషికి పదేసి గుండ్లు, పడిన పిన్నులన్నీ కలిపి లెక్క. సమానమైతే పెరడు పాతవాళ్ళకే.

జలజ బాగా వేసింది. అల్లుడు మొదట తడబడ్డా తరవాత కుదురుకున్నాడు. వదినగారి సంగతి ఏం చెప్పను! కొంగు బిగించి, గుండు ఊపి, ఒక్క క్షణం ఆపినట్టే ఆపి వదిలితే అది పెళ్ళి నడకలా వెళ్ళి పిన్నుల నడిమికి చేరింది. రెండుసార్లు పదికి పది! మూడో వీధి వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

ముంచింది ఎవరు? నేనే. తొమ్మిది గుండ్లలో నాలుగు కాలవలో వేశాను. తొమ్మిదో గుండుకి ఎడంకాలు సర్రున జారి, గీత దాటి ముందుకి పడ్డాను. మణికట్టులో సూదులు గుచ్చినట్టయింది. ఆ తరవాత తాతారావు చివరి గుండు వేసేశాడు. మా వీధికి మిగిలింది నా పదోది ఒక్కటే. తొమ్మిది వెనకబడి ఉన్నాం. తొమ్మిది పడితే సమానం, అంటే వాళ్ళకే. పదీ పడాలి.

నా పదహారు దగ్గరికి వెళ్ళాను. చెయ్యి పెట్టబోతూ వదినగారికేసి చూశాను. ఆవిడ ఏ సైగా చెయ్యలేదు, కోపంగా కూడా చూడలేదు. నా మణికట్టుకేసి చూస్తున్నారు. ఆ చూపుకి నా బింకం అంతా కరిగిపోయింది. ఎవరి కోసం గెలుద్దామనుకున్నానో ఆ మనిషి మాటే కదా నేను వినంది!

అర దగ్గరికి వెళ్ళాను. అందరూ చూస్తుండగా పద్నాలుగు ఊపి ఆపాను, కాలు కదిలింది. పదమూడు, కదిలింది. పన్నెండు, మడమ లేచింది. పదకొండు ఊపాను. ఠక్కున ఆగింది. కాలూ కదల్లేదు, చెయ్యీ తొణకలేదు. ఎన్నో ఏళ్ళ తరవాత నా చెయ్యి నా మాట విన్నట్టనిపించింది.

చావిడి మధ్యలో నిలబడి అరిచాను. "దిగాను! పదకొండు!"

 చావిడి ఎగిరిపోయింది. ఈలలు, కేకలు, చప్పట్లు. "పులిహోర ఉండాలి రత్నమ్మగారూ!" అని తాతారావు. "బూరెలు!" అని ఇంకెవరో. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. చావలేదు. పైగా నవ్వొచ్చింది.

వేశాను. అంత చక్కగా నా గుండు ఏనాడూ వెళ్ళలేదు. ఇక్కడ పిన్ను పడడం కూడా తీరిగ్గా పడుతుంది కదా, ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది, తొమ్మిది... పదోది ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. చావిడంతా దాంతో పాటే ఒరిగింది. ఆ పాపిష్టి పిన్ను ఆలోచించి, ఆలోచించి, నిలబడిపోయింది.

సమానం. పెరడు మళ్ళీ మూడో వీధిదే.

అందరూ నా వీపు తడుతున్నారు, దిగుడు భోజనం ఎప్పుడని అడుగుతున్నారు. నేను మాత్రం వదినగారిని వెతుక్కున్నాను. ఆవిడ నా పదకొండు గుండుని కొంగుతో తుడుస్తున్నారు.

చీకటి పక్షం, పదమూడో రోజు

పొద్దున కాఫీ కలిపి తీసుకెళ్ళేసరికి వదినగారు పెట్టె సర్దుతున్నారు. ఓడ రేపే.

"ఎండ తెచ్చిపెట్టలేకపోయాను వదినగారూ" అన్నాను. గొంతు బొంగురు, దానికి తోడు ఏడుపు.

"ఎండ ఎవరడిగారు మిమ్మల్ని?"

"అదేంటి! పొద్దున లేస్తే ఎండ ఎండ అని మీరే కదా?"

"మరేమనమంటారు?" ఆవిడ చీర మడత పెట్టడం ఆపేశారు. "నేను రెండు మూడు వారాలకని వచ్చినదాన్ని. కోడలి పుట్టింట్లో తిష్ట వేసి కూచుంటానా, పిలవని పేరంటంలా? ఒక్కసారైనా ఉండమన్నారా మీరు?"

"పొమ్మనలేదు కదా!"

"పొమ్మనకపోతే ఉండమన్నట్టా?"

 నిజమే. గెలుద్దామని చూశాను, కాళ్ళు జారాను, చెయ్యి వాపు తెచ్చుకున్నాను. ఇన్ని చేశానే గానీ ఉండండి అన్న రెండు ముక్కలు అనలేదు. పెరడు గెలిచి ఇస్తే ఆవిడే ఉంటుందిలే, నేను అడిగే పనుండదు అనుకున్నాను.

"మీ నోట ఆ మాట వస్తుందేమోనని రోజూ ఎండ పాట పాడాను" అన్నారు వదినగారు. "మీరేమో పోయి గుండ్లతో కుస్తీ పట్టారు."

కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆవిడ పెట్టె పిడి పట్టుకున్నాను. "ఉండిపోండి వదినగారూ. ఎండ ఉన్నా లేకపోయినా ఉండండి. మీరు లేకపోతే నేనెవరితో పోట్లాడను? గోడతోనా?"

ఏమీ అనుకోకు గోడా.

ఆవిడ పెట్టెని తనవైపు ఒక్క లాగు లాగారు. నేను వదల్లేదు. కాళ్ళు నేలకి అదిమిపెట్టి నిలబడ్డాను. పెట్టె ఆగింది.

"ఊఁ, ఇప్పుడు ఆపారు" అన్నారు. కళ్ళు తుడుచుకుని కాఫీ తాగి, "చక్కెర ఎక్కువైంది" అన్నారు.

ఎండ పక్షం, నాలుగో రోజు

ఓడ వెళ్ళిపోయింది. వదినగారు వెళ్ళలేదు. ఓడ ఆఫీసులో పేరు కొట్టేయించడానికి నేనే వెళ్ళి, అక్కడి కుర్రదాని మీద కేకలేసి వచ్చాను. ఆ పిల్ల తప్పేమీ లేదు, సంతోషంలో అరిచానంతే.

ఇక దిగుడు భోజనం. నేను దిగానన్న రోజున చావిడిలో రెండు వీధులూ ఉన్నాయి. రెండు వీధులూ ఒక్క పంక్తిలో కూర్చునే చోటు ఈ ఊళ్ళో ఒకటే ఉంది: అద్దాల పెరడు. మూడో వీధి వాళ్ళు కాదనడానికి లేదు, తినేది వాళ్ళే కదా! మొన్న తెల్లవారి ఎండ పెరట్లో పడుతుండగా ఆకులు వేశాం. పులిహోర, గుత్తి వంకాయ, బూరెలు, పాయసం. వదినగారు తాలింపు వేస్తే మూత పెట్టారు. మొదటిసారి! జలజా అల్లుడూ వడ్డిస్తుంటే నేను ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వీపు వెచ్చగా కాలుతుంటే ఇంత సుఖం ఉందా అనిపించింది.

దిగుడు భోజనానికి ఇంకో నియమం ఉంది. పెట్టినవాళ్ళు "అయింది" అనేదాకా ఆ చోటు ఖాళీ చెయ్యమనకూడదు. నేను అననే లేదు. నిన్న కూడా పాయసం మిగిలిందని పిలిచాం. ఇవాళ మూడో రోజు. తాతారావు వచ్చి తన కుర్చీ వెనక తొంగిచూశాడు. బారుగా పరిచిన పాత చీరల మీద వరసలు వరసలుగా గుమ్మడి వడియాలు, పెళపెళ ఎండుతున్నాయి.

"ఇవేంటమ్మా?" అన్నాడు.

"భోజనంలోవే బాబూ" అన్నారు వదినగారు, ఒక్కొక్కటీ తిరగేస్తూ. "ఇంకా వడ్డించలేదు."

తాతారావు ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు, వడియాల్ని చూశాడు. ఏం చేస్తాడు? కూర్చుని, "ఎండాక నాకు నాలుగు ఎక్కువ వెయ్యండి" అన్నాడు.

సాయంత్రం అల్లుడు మా గుమ్మం మీద పదహారు పలక తీసి కొత్తవి బిగించాడు. పైన పదకొండు, దాని కింద తొమ్మిది. కొంచెం వంకరగా బిగించాడు, చెప్తే సరిచేశాడు. నేను గుమ్మంలో నిలబడి, మూడో వీధి దాకా వినబడేలా లెక్క చెప్పాను: రెండూ కలిపితే ఇరవై, తాతారావుది పద్దెనిమిదే.